కొండెక్కేటప్పుడు చెమట ఎటు పోవాలి?

మొన్న ఆగస్టులో మా మేనల్లుడు ఒడిశాలోని మహేంద్రగిరి అడవికి నాతో వస్తానని పట్టుబట్టాడు. రావడం మాట అటుంచి, దానికి ముందు నెల రోజులు వాడు చేసిన షాపింగ్ చూసి మా అక్క తల పట్టుకుంది. అమెరికాలో రాకీ పర్వతాల్లో వారాల తరబడి తిరుగుతూ ఎల్క్ దుప్పుల్ని వేటాడేవాళ్ళ వీడియోలు చూశాడు. వాళ్ళు వేసుకున్నట్టే ఆకుల బొమ్మల జాకెట్, చీలమండ దాటి వచ్చే వాటర్‌ప్రూఫ్ బూట్లు, ఇంకా ఏవేవో తెప్పించాడు. జాకెట్ ఒక్కటే తొమ్మిది వేలు.

ఎక్కడం మొదలెట్టిన గంటన్నరకి సన్నగా తుప్పర పట్టుకుంది. వాడు దర్జాగా జిప్పు మెడ దాకా లాగాడు. ఇంకో అరగంటకి నా పక్కకొచ్చి, "మావయ్యా, ఇదేటి, లోపల వాన కురుస్తోంది!" అన్నాడు. విప్పి దులిపితే చేతుల్లోంచి నీళ్ళు కారాయి. జాకెట్ చిరగలేదు, నకిలీ సరుకూ కాదు. బయటి వాన ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు. ఆ నీళ్ళన్నీ వాడి చెమటే. మాకు దారి చూపిస్తున్న సవర తాత మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన లుంగీ, భుజాన తువ్వాలు, చేతిలో ఒక ఊచ విరిగిన గొడుగుతో మా ముందు పొడిగా నడుస్తున్నాడు.

అడవి నడకకి ఏం వేసుకోవాలి, ఏం మోసుకెళ్ళాలి అని వెతికితే దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలిదేశాల వాళ్ళు, అందులోనూ పొడిగాలి కొండల్లో తిరిగేవాళ్ళు రాసుకున్నవి. వాళ్ళ భయం చలి. ఆంధ్రని ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కొరాపుట్ వైపు కొండల్లో ఏడాదిలో ఎక్కువ రోజులు మనల్ని వేధించేది తడి. పైనుంచి వాన, కింద గెడ్డ (కొండవాగు), ఒంట్లోంచి చెమట. ఏ వస్తువు కొనేముందైనా "ఇందులోకి వచ్చిన నీళ్ళు ఎటు పోతాయి?" అని అడిగితే సగం తికమక తీరిపోతుంది.

వేట గురించి ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. ఆ వీడియోల్లో వాళ్ళు లైసెన్సు తీసుకుని చేసే పని మన దగ్గర నేరం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1991 సవరణతో షికారు లైసెన్సులకి మిగిలిన దారులూ మూసుకుపోయాయి. కొరాపుట్ వైపు చైత్రమాసంలో పండగ వేటకి వెళ్ళే పాత ఆచారం ఉన్నా చట్టంలో దానికి మినహాయింపు లేదు. అభయారణ్యంలోకి అడుగు పెట్టాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. అయినా ఆ వేటగాళ్ళ సామానుని నేను శ్రద్ధగానే చూస్తాను. దారి లేని చోట రోజుల తరబడి, అన్నీ వీపున మోసుకుంటూ తిరగడంలో వాళ్ళకున్న అనుభవం ఏనుగుల లెక్కకి వెళ్ళేవాళ్ళకీ, మొక్కల సర్వేకి వెళ్ళేవాళ్ళకీ, శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కే భక్తులకీ పనికొస్తుంది. కాకపోతే జల్లెడ పట్టుకోవాలి.

జాకెట్ సంగతి చూద్దాం. మంచి రెయిన్ జాకెట్ మీద రెండు అంకెలు ఉంటాయి. 10,000 మిల్లీమీటర్లు అని ఉంటే, ఆ గుడ్డ మీద పది మీటర్ల ఎత్తు నీళ్ళు నిలబెట్టినంత ఒత్తిడి పెట్టినా తడి ఇవతలికి రాదని అర్థం. రెండోది 10,000 గ్రాములు. చదరపు మీటరు గుడ్డలోంచి 24 గంటల్లో అంత ఆవిరి బయటికి పోతుందని. పది కిలోలు అంటే చాలా అనిపిస్తుంది. గంటకి లెక్కేస్తే 417 గ్రాములు. ఉక్కలో బరువుతో కొండెక్కే మనిషికి గంటకి లీటరు చెమట పట్టడం మామూలే. పైగా ఆ 417 కూడా లాబొరేటరీలో వచ్చిన అంకె.

మన వానాకాలంలో అది ఇంకా పడిపోతుంది. జాకెట్‌లోని పలుచటి పొర ఫ్యాన్ లాగా ఏమీ ఊదదు. లోపల ఆవిరి ఒత్తిడి ఎక్కువగా, బయట తక్కువగా ఉంటేనే ఆవిరి బయటికి జరుగుతుంది. ఆరేసిన బట్టలతో పోల్చుకోండి. మాఘమాసంలో పొద్దున్న ఆరేస్తే మధ్యాహ్నానికి మడతపెట్టొచ్చు, శ్రావణంలో రెండ్రోజులైనా ముక్కవాసన వదలదు. లెక్క కావాలంటే, ఒంటి దగ్గర 33 డిగ్రీల వేడి, నిండా తేమ ఉందనుకుందాం. బయట 5 డిగ్రీల చలి, 80 శాతం తేమ ఉన్న చోట ఆవిరిని తోసే ఒత్తిడి ఎంత ఉంటుందో, 28 డిగ్రీలు, 95 శాతం తేమ ఉన్న మన శ్రావణమాసపు అడవిలో దానిలో మూడో వంతే ఉంటుంది. జాకెట్ అదే, అక్కడ పనిచేస్తుంది, ఇక్కడ పాలిథిన్ సంచి అవుతుంది. అప్పుడు ఇరవై వేల అంకె ఉన్నది కొన్నా పెద్ద తేడా రాదు.

అందుకే నడుస్తున్నంతసేపూ గొడుగే మేలు. కిందనుంచి, పక్కలనుంచి గాలి ఆడుతుంది. మావైపు తాటాకుతో కట్టే గొడుగుని పాతవాళ్ళు గిడుగు అనేవారు. పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారి ఇంటిపేరు తల్చుకున్నప్పుడల్లా నాకు ఆ ఆకు గొడుగే గుర్తొస్తుంది. గుబురు పొదల్లో గొడుగు పట్టదు, నిజమే. అక్కడికి తలమీంచి వేసుకునే, పక్కలు తెరిచి ఉండే పొంచో చాలు, వీపున సంచిని కూడా కప్పుతుంది. పెనుగాలి, ఉరుములు ఉంటే గొడుగు ముడిచేయాలి. నడిచేటప్పుడు తడిసినా ఫర్వాలేదు. ఆగినప్పుడు, పడుకునేటప్పుడు పొడిగా ఉండాలి. అందుకోసం ఒక జత బట్టలు సంచి అడుగున, ఏం జరిగినా నడకలో బయటికి తీయకూడదన్న ఒట్టుతో పెట్టుకుంటాను. పొద్దున్నే ఆ పొడి బట్టలు విప్పి నిన్నటి తడి చొక్కా తొడుక్కోవడం నరకం. అయినా తొడుక్కోవాలి.

అక్కడి నడకగాళ్ళలో "కాటన్ చంపుతుంది" అని ఒక నానుడి ఉంది. నీళ్ళు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి, తడిసిన నూలు ఒంటికి అంటుకుని ఆరదు, మంచు కొండల్లో అది ప్రాణం మీదికి తెస్తుంది. అదే తడి నూలు మన వైశాఖంలో ప్రాణానికి హాయి. మే నెలలో పలుచటి నూలు ఫుల్‌హ్యాండ్స్ చొక్కాని మించింది నాకు కనబడలేదు. వానాకాలానికి మాత్రం తేమని ఒక శాతం కూడా పీల్చని పాలిస్టర్ చొక్కా నయం, పిండి దులిపితే ఒంటి మీదే ఆరుతుంది, రెండో రోజుకి కంపు కొడుతుంది. జీన్స్ ఏ కాలానికీ వద్దు. తడిస్తే బరువు, ఎక్కేటప్పుడు మోకాలు వంగదు, తొడలు ఒరుసుకుని మంట. ఇక తువ్వాలు. ఒడియావాళ్ళు గామ్‌ఛా అంటారు. నీళ్ళు వడకట్టడానికి, తలకి చుట్టడానికి, చెయ్యి విరిగితే మెడకి జోలెలా కట్టడానికి, ఆకుల్లో నెత్తిన పడే చీమల్ని దులుపుకోడానికి పనికొచ్చే ఆ వంద రూపాయల గుడ్డకి బదులు ఇంకోటి ఎవరూ కనిపెట్టలేదు.

చలికాలం వేరు. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు, కొరాపుట్ జిల్లా దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అదే అన్నిటికంటే ఎత్తు. వెయ్యి మీటర్లకి ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడుతుంది కాబట్టి, పర్లాకిమిడిలో 15 డిగ్రీలున్న రాత్రి పైన 6, 7 ఉంటుంది. దానికి గాలి తోడు. ఇక్కడ మూడు పొరల పద్ధతి నిజంగా పనిచేస్తుంది: ఒంటికి చెమట లాగే పలుచటి చొక్కా, దానిమీద ఉన్ని గానీ ఫ్లీస్ అనే నూగు సింథటిక్ గుడ్డ గానీ, పైన గాలి ఆపేది. ఎక్కేటప్పుడు మధ్యది విప్పేయాలి, కొద్దిగా చలి వేస్తుండగానే బయల్దేరాలి. వెచ్చగా బయల్దేరినవాడు పదినిమిషాల్లో చెమటతో తడుస్తాడు, పైకెళ్ళాక ఆ చెమటే వణికిస్తుంది. ఉన్ని తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకుని కూడా ఒంటికి చల్లగా తగలదు. మన గొర్రెల కాపరులు వానలో గొంగడి కప్పుకుని కూర్చునేది అందుకే. తడిసిన గొంగడి మోయాలంటే వాళ్ళ భుజాలు కావాలి, మనకి ఉన్ని స్వెటర్ చాలు. బాతు ఈకల జాకెట్ తేలిక, కానీ తడిస్తే ముద్దకట్టి పనికిరాదు.

రంగు విషయంలో నేను కాస్త గట్టిగా చెప్పాలి. ఆర్మీ ప్రింట్ బట్టలు ఈ సరిహద్దు జిల్లాల అడవుల్లో వేసుకోకండి. మల్కనగిరి, కొరాపుట్, రాయగడ, అటు మహారాష్ట్రలో గడ్చిరోలి, ఈ అడవులు ఏళ్ళ తరబడి తుపాకుల మధ్య నలిగాయి. పొదల్లో ఆలివ్‌గ్రీన్, మచ్చల గుడ్డ కదిలితే ఊరివాళ్ళకి టెన్షన్, బలగాలకి అనుమానం. భారత సైన్యం 2022 జనవరి 15న సైనిక దినోత్సవంలో చూపించిన కొత్త యూనిఫాం డిజైన్‌ని రిజిస్టర్ చేయించింది కూడా. అమ్మడం, వేసుకోవడం రెండూ చిక్కులే. వేటగాడి వేషం మరో ప్రమాదం. దొంగవేటకి వచ్చాడనుకుంటారు.

తమాషా ఏమిటంటే అసలు వేటగాళ్ళే నారింజ రంగు వేసుకుంటారు. కొలరాడో రాష్ట్రంలో తుపాకీతో ఎల్క్ వేటకి వెళ్ళేవాడు నడుము పైన కనీసం 500 చదరపు అంగుళాల మేర మెరిసే నారింజ గానీ గులాబీ గానీ వేసుకోవాలని రూలు, తోటి వేటగాడి గుండు తగలకుండా. జింకలకి రంగు పట్టే కణాలు రెండు రకాలే ఉంటాయి, మనకి మూడు. నారింజని అవి ఆకుపచ్చ నుంచి విడదీసి చూడలేవు. పులి అంత ఎర్రగా ఉండి కూడా గడ్డిలో దాక్కోగలిగేది అందుకే. కాబట్టి మన సంచికి ఒక నారింజ గుడ్డ కట్టుకుంటే జంతువులకి ఇబ్బంది లేదు, తప్పిపోతే వెతికేవాళ్ళకి కనిపిస్తాం, నాటు తుపాకీ పట్టుకున్నవాడికి పందిలా కనిపించం. వేటగాళ్ళ బట్టలు చప్పుడు చేయకుండా మెత్తగా నేస్తారు, అదీ మనకి అక్కర్లేదు. ఎలుగుబంటికి చూపు తక్కువ, ఉన్నట్టుండి ఎదురుపడితే మీద పడుతుంది. మలుపుల్లో మాట్లాడుకుంటూ, కర్ర తాటిస్తూ వెళ్ళాలి. లఖారి లోయ వైపు ఏనుగులుంటాయి, అక్కడ చప్పుడు కన్నా ముందే ఊళ్ళో అడిగి దారి మార్చుకోవడం మంచిది.

ఇక కాళ్ళు. డబ్బు పెడితే ఇక్కడే పెట్టాలి, కానీ ఎక్కువ పెట్టాల్సిన పని లేదు.

వాటర్‌ప్రూఫ్ బూటు మంచులో, తడి గడ్డిలో మంచిదే. మన గెడ్డలు మోకాలి లోతు ఉంటాయి. నీళ్ళు పైనుంచి దిగాయంటే లోపలే ఉండిపోతాయి, ఆ బూటు రెండ్రోజులైనా ఆరదు. మా వాడి బూట్లు మూడో గెడ్డ దగ్గర చెంబుల్లా నిండాయి. తర్వాత ప్రతి అడుగుకీ కప్ప అరిచినట్టు చప్పుడు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం ఇదే తలనొప్పి పడి, కాన్వాస్ పైభాగం, పక్కన నీళ్ళు కారే చిల్లులు ఉన్న జంగిల్ బూటు తయారుచేసుకుంది. మన దగ్గర నాలుగైదు వందలకి సంతల్లో దొరికే కాన్వాస్ జంగిల్ బూట్లు ఆ వరసవే. నీళ్ళు వస్తాయి, పోతాయి. జాలీ గుడ్డ ఉన్న పరుగు బూట్లు, అడుగు బాగా గాట్లు పడి ఉంటే, అవీ బాగుంటాయి. గమ్‌బూట్లు జలగలకీ పాములకీ అడ్డమే గానీ గంట నడిస్తే లోపల కాలు ఉడుకుతుంది. చేలో పనికి సరే.

బరువు చూసుకోండి. కాలికి తగిలించిన కిలో వీపున మోసే నాలుగైదు కిలోలంత అలసట తెస్తుందని సైనిక పరిశోధనల్లోనే తేలింది. రోజుకి పాతికవేల అడుగులు, అన్నిసార్లు ఆ బరువు ఎత్తి దించాలి కదా. బూట్లు పొద్దున్న కొనొద్దు, సాయంత్రానికి పాదం ఉబ్బుతుంది, అప్పుడు వెళ్ళి, వేసుకోబోయే మేజోళ్ళతోనే తొడిగి చూడండి. బొటనవేలి ముందు బొటనవేలంత జాగా ఉండాలి. లేకపోతే దిగేటప్పుడు వేళ్ళు ముందుకి గుద్దుకుని గోరు నల్లబడుతుంది. షాపులో మెట్లు దిగి చూడమంటాను నేను. షాపువాడు విసుక్కుంటాడు, విసుక్కోనీండి.

నాకు తగిలిన దెబ్బ చెబుతాను. ఏడేళ్ళ కిందట ఖరీదైన బూట్లు కొని, రెండుసార్లు వేసుకుని, పాడవుతాయని అట్టపెట్టెలో పెట్టి బీరువా మీద దాచాను. పోయిన ఏడు తీస్తే కొత్తవాటిలా మెరుస్తున్నాయి. నాలుగో కిలోమీటరులో ఎడమ బూటు నోరు తెరిచింది. చూస్తే సోల్ మధ్యలో ఉండే మెత్తటి పొర పాత బెల్లం అచ్చులా పొడిపొడిగా రాలుతోంది. మరో పావుగంటకి కుడిదీ అంతే. ఆ పొర పాలియూరథేన్. గాలిలో తేమ తగిలి, వాడినా వాడకపోయినా కొన్నేళ్ళకి దానంతట అదే విరిగిపోతుంది, మన సముద్రపు గాలి తేమలో ఇంకా త్వరగా. బిగించిన పెట్టెలో దాచడం అన్నిటికంటే చెడ్డది. తాత ఏమీ అనకుండా పక్కనున్న అడ్డతీగ నార చీల్చి, సోల్‌ని పాదం చుట్టూ నాలుగు చుట్లు కట్టాడు. అలా ఊరు చేరాను. ఐదేళ్ళు దాటిన బూట్లు ఉంటే బయల్దేరే వారం ముందు వేసుకుని ఊరంతా తిరగండి, మడమ దగ్గర నొక్కి చూడండి.

మేజోళ్ళు మూడు జతలు. ఒకటి కాలికి, ఒకటి సంచి మీద ఆరుతూ, ఒకటి రాత్రికి పొడిగా. బొబ్బకి మూలం రాపిడి, తడీ వేడీ దాన్ని పెంచుతాయి, వీటిలో మన చేతిలో ఉండేది తడి, రాపిడి. మడమ చుర్రుమన్న క్షణమే ఆగి ప్లాస్టర్ టేపు వేయాలి. "ఆ గుట్ట దాటాక చూద్దాం" అన్నవాళ్ళందరూ కుంటుతూ దిగారు. రోజంతా నానిన వేళ్ళ సందులు పాసిపోతాయి, రాత్రి తుడిచి గాలికి ఆరబెడితే చాలు. జలగలకి మోకాలి దాకా వచ్చే దట్టమైన నేత గుడ్డ మేజోళ్ళు మంచివి, ఉప్పు మూట ఒకటి దగ్గరుంటే ఇంకా నయం.

బట్టలు చలికీ వానకీ అనుకుంటాం గానీ ఈ కొండల్లో వాటి అసలు పని పురుగుల్ని ఆపడం. గిడుగు పంతులు గారు సవర భాష నేర్చుకోవడానికి ఈ కొండల్లోనే తిరిగారు. మలేరియా వచ్చింది, వాడిన క్వినైన్‌తో వినికిడి పోయింది. 2017లో ఒడిశా ప్రభుత్వం 'దమన్' కార్యక్రమం మొదలుపెట్టాక మలేరియా బాగా తగ్గిందే గానీ పోలేదు. పొద్దుగూకే వేళకి ఫుల్‌హ్యాండ్స్, పొడుగు ప్యాంటు, దోమల్ని తరిమే డీట్ మందు ఉన్న క్రీము, రాత్రికి దోమతెర తప్పనిసరి. బట్టలకి పట్టించే పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంది, ఒంటికి రాయకూడదు, గుడ్డకే. స్క్రబ్ టైఫస్ అని ఇంకో జ్వరం ఉంది. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని నల్లిలాంటి పురుగు పిల్లలు కుడితే వస్తుంది. ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకోవాలి, గడ్డి మీద పరుపు లేకుండా పడుకోకూడదు. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే అడవికి వెళ్ళానని డాక్టరుకి తప్పకుండా చెప్పండి, ఒంటిమీద సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉందేమో వెతకండి. గుర్తిస్తే మామూలు డాక్సీసైక్లిన్‌తో తగ్గుతుంది, గుర్తించకపోతేనే ముదురుతుంది.

మిగతా సామాను గురించి పెద్దగా చెప్పేది లేదు. సంచి బరువు నడుం బెల్టు మీద పడాలి, మన బరువులో ఐదో వంతు దాటకూడదు. సంచికి పైన తొడిగే రెయిన్ కవర్‌ని నమ్మొద్దు, వీపు వైపునుంచి నీళ్ళు దిగుతాయి. లోపల మందపాటి పాలిథిన్ సంచి వేసి మూతి మెలిపెట్టి కట్టండి. తలకి కట్టుకునే లైటు, ఒక విజిల్, కర్ర, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఫోన్లో ముందే దించుకున్న మ్యాపు. చిన్న ఫిల్టర్లు బ్యాక్టీరియాని ఆపుతాయి, వైరస్‌లని ఆపవు. నీళ్ళు మరగబెట్టడమో క్లోరిన్ మాత్ర వేయడమో మేలు. పాము కరిస్తే కోయడానికని కత్తి, కట్టడానికని తాడు మోసుకెళ్ళేవాళ్ళు ఇంకా ఉన్నారు. రెండూ ఆ పనికి వాడకూడదు. కాలు కదపకుండా కర్ర దన్నుతో ఉంచి, మోసుకుని, విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చడమే వైద్యం. అందుకని బయల్దేరే ముందే ఆ ఆసుపత్రి ఏ ఊళ్ళో ఉందో, అక్కడికి బండి ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని పెట్టుకోవాలి.

మా వాడు ఇప్పుడు డిసెంబరులో దేవమాలి వెళ్దామంటున్నాడు. పొడిగాలి, పైన ఏడెనిమిది డిగ్రీలు. ఆ తొమ్మిది వేల జాకెట్ అక్కడ బాగా పనిచేస్తుంది, తెచ్చుకోమన్నాను. ఆకుల బొమ్మలు కనబడకుండా పైన వాళ్ళ అమ్మ నారింజ చున్నీ చుట్టుకుంటాడట. అక్క ఇంకా ఒప్పుకోలేదు.